బోర్లా అంటించిన ఏడాది

రోజూ ఉదయం తొమ్మిదికి పది నిమిషాల ముందు ఆమె కత్తిరింపుల గది తలుపు తీసేది. చేతులు కడుక్కుని, పొడిగుడ్డతో కత్తెర తుడిచి బల్ల మీద పెట్టేది. కుర్చీలో కూర్చునే ముందు మాత్రం మూడో బీరువా దగ్గరికి వెళ్ళి, రెండో అరలో ఉన్న ఎర్ర వీపు సంపుటం మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని అరనిమిషం నిలబడేది. పెదవులు కదిలేవి, మాట పైకి వచ్చేది కాదు. ఆ తర్వాతే ఆ రోజు పత్రికలు విప్పేది. ఇరవైయేడేళ్ళలో ఈ వరస తప్పింది లేదు. జ్వరమొచ్చి సెలవు పెట్టిన రోజున మంచం పక్క గోడకి చెయ్యి ఆనించి అలాగే కళ్ళు మూసుకునేదని ఆమె భర్త చెప్పేవాడు.

ఆ ఎర్ర సంపుటం ఒకప్పటి పరుగు వీరుడిది. అందుకని ఆఫీసులో ఒక వేళాకోళం పుట్టి, పెరిగి, పాతబడిపోయింది గానీ చావలేదు.

"కత్తెరమ్మకి ఆ పరుగాయన మీద మనసుంది. మన సూదాయనకి తెలుసో లేదో!" అనేవాడు గేటు కాపలాదారు.

"తెలుసులేవయ్యా," అనేవాడు సూదాయన. "ఆయన పరిగెత్తి వెళ్ళిపోయాడు. నాది కూర్చుని చేసే పని. అందుకే నాకు దొరికింది."

సూదాయన అంటే ఆమె భర్తే. కింది అంతస్తులో బైండింగు గది ఆయనది. పైన ఆమె కత్తిరించి అంటిస్తే కింద ఆయన కుట్టి అట్ట వేసేవాడు. ఇద్దరికీ ఆ పేర్లు ఎవరు పెట్టారో గానీ, అసలు పేర్లు జీతాల పుస్తకంలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

వాళ్ళు పనిచేసే చోట జరిగేది ఏమిటో చెబితే కొత్తవాళ్ళకి నవ్వొచ్చేది. అది పేరు మోసిన మనుషుల మీద పరిశోధన చేసే కేంద్రం. గాయకులు, ఆటగాళ్ళు, నటులు, నాయకులు ఎలా బతికారు, జనం వాళ్ళని ఎలా చూశారు, ఎప్పుడు నెత్తిన పెట్టుకున్నారు, ఎప్పుడు దించేశారు, ఇదంతా చదివి, లెక్కపెట్టి, తేల్చి రాయడానికి ఎక్కడెక్కడినుంచో చదువుకున్నవాళ్ళు వచ్చేవారు. వాళ్ళందరికీ ఆధారం కత్తెరమ్మ గదే. ఫైలున్న మనిషి పేరు పత్రికలో ఎక్కడ కనబడినా ఆ ముక్క కత్తిరించి, మందపాటి కాగితం మీద అంటించి, తేదీ వేసి, ఆ మనిషి సంపుటంలో చేర్చాలి.

గదికి నియమాలు రెండు. ఫైలున్న మనిషి గురించిన వార్త ఏదీ ఆ గది దాటి పోకూడదన్నది మొదటిది. రెండోది ఆ పనివాళ్ళకే తెలిసిన సంగతి. కాగితానికి రెండు ముఖాలుంటాయి. ఈవైపు వార్త కత్తిరిస్తే, దాని వెనకవైపు ఉన్న వార్త తెగిపోతుంది. అందుకని ప్రతి పత్రికా రెండేసి ప్రతులు తెప్పించేవారు, ఒకటి ఈ ముఖానికి, ఒకటి ఆ ముఖానికి. "మా గదిలో ఏ వార్తా బోర్లా పడదు," అని డైరెక్టరు గారు వచ్చినవాళ్ళకల్లా గర్వంగా చెప్పేవారు. ఆ మాట విన్నప్పుడల్లా కత్తెరమ్మ కత్తెర తుడుచుకునేది, అంతకుముందే తుడిచి ఉన్నా సరే.

ఆమె చదివింది పల్లెటూరి బడిలో, ఎనిమిదో తరగతి దాకా. పుస్తకాలు లేని బడి. కొట్టునుంచి సరుకులు కట్టుకొచ్చిన పొట్లం కాగితాలని మాస్టారు ఒడిలో పెట్టుకుని ముడతలు సాపు చేసి, పిల్లలకి తలొకటి ఇచ్చి చదివించేవారు. సగంలో తెగిపోయిన వార్త చదివి "తర్వాతేమైంది మాస్టారూ?" అని ఈ పిల్ల అడిగితే, "మిగతా సగం ఎవరింట్లోనో ఉంటుందమ్మా. వాళ్ళు భద్రంగా దాచి ఉంటే బాగుణ్ణు," అనేవారాయన. అచ్చయిన కాగితం ముక్క చించాలంటే ఆమెకి చేతులు రాకపోవడం ఆ ఒడి దగ్గర అబ్బిన గుణమే.

ఆమె ఉద్యోగంలో చివరి ఏడాది, ఒక మంగళవారం ఉదయం, పరిశోధకురాలు రెండు టీ గ్లాసులతో గదిలోకి వచ్చింది. ఆ అమ్మాయి ఆరేళ్ళుగా ఆ గదిలోనే కూర్చుని రాసుకుంటోంది. పెద్దమ్మా అని పిలిచేది. కత్తెరమ్మకి మోకాళ్ళ నొప్పులని తెలిసిన రోజునుంచి బరువు సంపుటాలు ఒక్కటి కూడా ఆమెని దించనివ్వలేదు. అన్నీ తనే దించుకునేది, తనే ఎక్కించేది.

"ముందు టీ తాగండి పెద్దమ్మా. తర్వాత నా సినిమా చూద్దురు గాని," అంటూ చంకలోని పెద్ద కాగితం చుట్ట విప్పి బల్ల మీద పరిచింది. ఒక మూల జిగురు సీసా, ఒక మూల కత్తెర బరువు పెట్టింది. కాగితం మీద రెండు గీతలు కొండల్లా లేస్తూ దిగుతూ ఉన్నాయి. "నీలం గీత గాయని గారిది. ఎర్ర గీత మీ పరుగాయనది. ఏ నెలలో ఎవరి గురించి ఎన్ని వార్తలొచ్చాయో ఆ లెక్క."

నీలం గీత ఒకచోట దబ్బున పడిపోయి, కాగితం అడుగున పాకుతోంది.

"ఈ గుంట ఏంటమ్మా?" అంది కత్తెరమ్మ. తెలిసే అడిగింది. ఆ గొంతు తనది కానట్టు ఆమెకే వినిపించింది.

"నా థీసిసంతా ఆ గుంటేగా! నా ఉద్యోగం, నా పెళ్ళి అన్నీ దాంట్లోనే ఉన్నాయి," అని నవ్వింది అమ్మాయి. "చూడండి. ఆ ఏడాది మొదట్లో నెలకి ఇరవై వార్తలు. ఉన్నట్టుండి పదకొండు వారాలపాటు ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆ తర్వాత ఆవిడ పాడటం మానేశారని మూడు లైన్ల వార్త. అంటే ఏంటి? ఆవిడ తప్పుకోవాలనుకున్నారు, పత్రికలు మర్యాదగా ఆవిడ జోలికి పోలేదు. దీనికి 'గౌరవ మౌనం' అని పేరు పెట్టాను. బాగుందా?"

"మరి ఈ ఎర్ర గీత?"

"సరిగ్గా అప్పుడే లేచింది చూశారా! జనం చూపు పాట మీంచి పరుగు మీదికి మళ్ళింది. ఎంతలా అంటే, ఆయనకి జలుబు చేస్తే వార్తే, బూట్లు కొంటే వార్తే. ఒకచోట ఆయన బొమ్మున్న ప్రకటన సగం ముక్క కూడా మీరు అంటించారు. ఆ సగం ముక్క మీదే నేను మూడు పేజీలు రాశా పెద్దమ్మా!"

మూడు పేజీలు. కత్తెరమ్మ టీ గ్లాసు కింద పెట్టేసింది.

"పాతవాళ్ళెవరూ... వేరేగా ఏమీ చెప్పలేదా?"

"చెప్పకేం! అరవైమందిని అడిగితే పద్దెనిమిదిమంది, ఆవిడ మీద ఏవో పాడు రాతలొచ్చాయన్నారు. మా అమ్మమ్మ కూడా అంది. ఏ పత్రికలో, ఎప్పుడు అంటే చెప్పలేరు. ఆ రోజుల్లో ఉన్నవే రెండు పత్రికలు. ఒకటి మూతపడింది, రెండోదాని పాత కాగితాలన్నీ వరదలో పోయాయి. మిగిలింది మీ గది. ఇక్కడ ఒక్క ముక్క లేదు. అంటే జరగలేదనేగా? అయిదో అధ్యాయం మొత్తం అదే. ప్రసిద్ధుల గురించి జనం జరగనిదాన్ని జరిగినట్టు ఎలా గుర్తుపెట్టుకుంటారు అని. అమ్మమ్మ అలిగి నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. 'నీ కాగితాల్లో లేకపోతే నేను అబద్ధాలకోరునా?' అంటుంది."

"పరీక్ష ఎప్పుడన్నావు?"

"శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి వైవా. అన్నట్టు మొదటి పేజీలో మీకు కృతజ్ఞతలు రాశాను. 'ఒక్క వార్త కూడా జారిపోనివ్వని చేతులకు' అని."

కత్తెరమ్మ తన చేతులకేసి చూసుకుంది. చెప్పేద్దామని నోరు తెరిచింది. ఈలోగా అమ్మాయి కాగితం చుట్టేసి, "ప్రింటింగు షాపువాడు పన్నెండింటికి మూసేస్తాడు," అంటూ పరుగున వెళ్ళిపోయింది. టీ మీద మూత మాత్రం పెట్టి వెళ్ళింది, చల్లారిపోకుండా.

మధ్యాహ్నం భోజనానికి కత్తెరమ్మ మెట్లు దిగి బైండింగు గదికి వెళ్ళింది. సూదాయన సూదిలో దారం ఎక్కిస్తూ తలెత్తి చూశాడు.

"ఏంటే, ముఖం అలా పెట్టావు? పరుగాయన పోయాడా?"

"నవ్వులాట కాదండీ. ఆ ఎర్ర సంపుటం..."

సూదాయన చేతిలో దారం ఆగిపోయింది. ఇరవైయేడేళ్ళలో ఆ విషయం వాళ్ళిద్దరి మధ్యా మాటల్లోకి వచ్చింది లేదు.

అది జరిగేనాటికి ఆమె ఉద్యోగంలో చేరి మూడేళ్ళు. గాయని పేరు ఊరూరా మోగుతున్న కాలం. రెండేళ్ళ కూతురుందావిడకి. ఒక సోమవారం పత్రికలో ఆ బిడ్డ తండ్రి ఎవరంటూ ఒక రాత వచ్చింది. మర్నాడు రెండో పత్రిక అందుకుంది. ఇక వారానికి మూడు నాలుగుసార్లు అదే తంతు. ఆ వారం చివర, కత్తిరించిన ముక్కలు ఇంకా అంటించకుండా బల్ల మీద రాయి కింద ఉండగా, గాయని ఒక్కతే ఆ గదికి వచ్చింది. తన ఫైలు తను చూసుకునే హక్కు ఎవరికైనా ఉండేది. కూర్చుని అన్నీ చదివింది. ఏడవలేదు. మంచినీళ్ళు అడిగి తాగింది.

"ఇవి ఎన్నాళ్ళుంటాయమ్మా?" అంది.

"కాగితం ఉన్నన్నాళ్ళూ ఉంటాయండీ," అంది కత్తెరమ్మ, తన పని మీద గౌరవంకొద్దీ.

"నా పిల్లకి చదువొచ్చేదాకా ఉంటాయన్నమాట."

అంతే. దాచమని అడగలేదు, తీసేయమని అడగలేదు. లేచి, కుర్చీ బల్ల కిందికి సర్ది, తాగిన గ్లాసు తనే కడిగి, గట్టు మీద బోర్లించి వెళ్ళిపోయింది. అంత పేరున్న మనిషి, ఇంకొకరికి పని పెట్టకుండా గ్లాసు కడిగిపెట్టి వెళ్ళింది. కత్తెరమ్మ ఆ బోర్లించిన గ్లాసు వంక చాలాసేపు చూసింది. తర్వాత రాయి తీసి మొదటి ముక్క అందుకుంది.

చింపలేదు. చింపడానికి చేతులు రావు. బయటికి పంపలేదు. అది నియమం. ఆ రోజుల్లో రెండు పత్రికల్లోనూ కళల పేజీ వెనక ఆటల పేజీ అచ్చయ్యేది. గాయని గురించిన ముక్క తిప్పి చూస్తే పరుగు వీరుడు ఎక్కడో ఒకచోట ఉండేవాడు, ఒక వాక్యంలోనో, ఒక ప్రకటనలోనో. ఆ ముఖం పైకి ఉంచి, పాడు రాత ఉన్న ముఖానికి జిగురు పూసి, పరుగు వీరుడి ఫైలులో అంటించింది. రెండో ప్రతిని కత్తిరించకుండా చిత్తుకాగితాల్లో కలిపేసింది. పదకొండు వారాలు అదే పని. నలభై మూడు ముక్కలు. ఏడాది చివర ఆ సంపుటం కుట్టడానికి కిందికి వచ్చినప్పుడు సూదాయన వేలితో పేజీలు తడిమి, "ఈయనకి జలుబు చేస్తే మనకెందుకే?" అన్నాడు. "ఉండనివ్వండి," అందామె. ఆయన ఆమె ముఖం చూసి, ఇంకేమీ అడక్కుండా, మామూలుగా వేసే నాలుగు కుట్లకి బదులు ఆరు కుట్లు వేశాడు.

"జిగురు ఎండిపోయి ఇన్నేళ్ళయింది. ఇప్పుడెవరు చూస్తారే?" అన్నాడు సూదాయన, దారం పక్కన పెట్టి.

"నాకు తెలుసు, మీకు తెలుసు. పైవాడికి తెలుసు."

"పైవాడు వైవాకి రాడులే."

ఆమె నవ్వలేదు. ఆయన గొంతు తగ్గించాడు. "చెబితే ఏమవుతుందో ఆలోచించావా? ఒక్క ఫైలు వంకరంటే అన్నీ వంకరే అంటారు. ముప్ఫయ్యేళ్ళు నువ్వు అంటించిందీ నేను కుట్టిందీ అంతా అనుమానమే. వచ్చే వేసవికి మంచిమాటలతో ఇంటికి పోదామనుకున్నాం కదే."

"ఆ పిల్ల శుక్రవారం పదిమంది ముందు లేచి నిలబడి, నా అబద్ధాన్ని తన నోటితో చెబుతుందండీ. నిజమనుకుని చెబుతుంది."

"సరే, అయితే ఆ గాయని సంగతి? ఆవిడ కోసమేగా దాచావు?"

అప్పుడామె తను దాచిన ఇంకో సంగతి చెప్పింది. గాయని పోయి రెండేళ్ళయింది. పోయిన ఏడాది ఆవిడ కూతురు, ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే అమ్మాయి, తల్లి ఉత్తరాలు కొన్ని కేంద్రానికి ఇవ్వడానికి వచ్చింది. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి అడిగింది. "అమ్మ ఎందుకు పాట మానేసిందో ఎవరూ చెప్పరండీ. నన్ను పెంచడానికని కొందరంటారు. నేను పుట్టకపోతే ఇంకా పాడేదేమో అనిపిస్తుంది. మీ కాగితాల్లో ఏమైనా ఉందా?" కత్తెరమ్మ లేదమ్మా అంది. అది ఆమె నోటితో ఆడిన మొదటి అబద్ధం. అంతకుముందువన్నీ చేతులతో ఆడినవి.

సూదాయన కేరియరు విప్పి, కూర ఎక్కువ ఉన్న గిన్నె ఆమెవైపు జరిపాడు.

"ముందు తిను. ఖాళీ కడుపుతో నిజం చెప్పకు, గొంతు వణుకుతుంది."

ఆ సాయంత్రం దాకా అమ్మాయి తిరిగి రాలేదు.

బుధవారం ఉదయం కత్తెరమ్మ తలుపు తీసింది, చేతులు కడుక్కుంది, కత్తెర తుడిచింది. మూడో బీరువా దగ్గరికి వెళ్ళింది. ఆ రోజు మాత్రం చెయ్యి ఆనించలేదు. మోకాళ్ళు కలుక్కుమంటున్నా ఎర్ర సంపుటాన్ని తనే దించి బల్ల మీద పెట్టుకుని కూర్చుంది.

"ఏంటి పెద్దమ్మా, ఇవాళ మీ పరుగాయన్ని బల్ల మీదికే తెచ్చుకున్నారు!" అంటూ వచ్చింది అమ్మాయి. "అయినా మీరెందుకు దించారు? నేను లేనా?"

"కూర్చో తల్లీ. ఈ పేజీ చూడు."

"పరుగు వీరుడికి జలుబు. నాకు కంఠతా వచ్చు."

కత్తెరమ్మ మొండి చాకు తీసి, ముక్క మూల కింద దూర్చి, ఊపిరి బిగబట్టి కొంచెం లేపింది. ఎండిన జిగురు చిటుక్కుమంది. లేచిన మూల వెనక పెద్ద అక్షరాల్లో రెండు మాటలు కనబడ్డాయి. 'ఎవరి బిడ్డ'.

అమ్మాయి చదివింది. ఇంకా దగ్గరికి వంగి చదివింది. అదేమిటో అర్థమయ్యేసరికి ముఖంలోని నవ్వు, దీపం వత్తి దించినట్టు, మెల్లమెల్లగా పోయింది. కత్తెరమ్మ మొత్తం చెప్పింది. గ్లాసు సంగతి కూడా చెప్పింది. గొంతు వణికింది గానీ ఆగలేదు.

"ఎన్ని ఇలాంటివి?"

"నలభై మూడు."

"లెక్క కూడా పెట్టుకున్నారా!"

"రోజూ తలుచుకుంటున్నా కదమ్మా. ఆవిణ్ణి చల్లగా చూడమని."

అమ్మాయి లేచి నిలబడింది. కేకలేస్తుందనుకుంది కత్తెరమ్మ. కేకలేసినా బాగుండేది. ఆ పిల్ల చాలా నెమ్మదిగా మాట్లాడింది.

"మీరు కాపాడింది ఆవిణ్ణి కాదు పెద్దమ్మా. రాసినవాళ్ళని. పదకొండు వారాలు ఒక ఆడమనిషిని పీక్కుతిన్నవాళ్ళు, మీ పుణ్యమా అని ఇవాళ మర్యాదస్థులయ్యారు. వాళ్ళని మెచ్చుకుంటూ రెండువందల పేజీలు రాశాను నేను. గౌరవమట! మౌనమట! నిజం చెప్పిన మా అమ్మమ్మని పట్టుకుని, నీకు మతి తప్పిందని అచ్చువేయించాను."

ఇరవైయేడేళ్ళు చెయ్యి ఆనించి నిలబడినప్పుడు ఒక్కనాడూ ఈ వైపునుంచి చూడలేదామె. ముక్క బోర్లిస్తే దెబ్బతిన్న మనిషి ఒక్కతే మరుగున పడుతుందనుకుంది. కొట్టినవాళ్ళు కూడా దాని కిందే దాక్కున్నారని తట్టలేదు.

అమ్మాయి గుమ్మం దాకా వెళ్ళి, తిరిగొచ్చి, బల్ల అంచున జారబోతున్న బరువు సంపుటాన్ని లోపలికి నెట్టింది. ఆమె కాళ్ళ మీద పడకుండా. తర్వాత తిన్నగా డైరెక్టరు గారి గదికి వెళ్ళింది.

అరగంటలో కత్తెరమ్మకీ పిలుపొచ్చింది. డైరెక్టరు గారు కళ్ళజోడు తీసి పట్టుకుని కూర్చున్నారు. పక్కన అమ్మాయి నిలబడి ఉంది. ఆయన ముందు మూడు థీసిస్ ప్రతులు, కొత్త అట్టల వాసనతో ఉన్నాయి.

"గది నియమం ఏంటమ్మా?"

"తప్పానండీ."

"ఎందుకు అని అడగను. ఈ అమ్మాయి చెప్పింది." ఆయన కిటికీవైపు చూశారు. "పరీక్షకులు రైలెక్కేశారు. శుక్రవారం మారదు. ఒకటే దారి. ఆ నలభై మూడూ ఊడదీసి, చదివి, లెక్కకట్టి, శుక్రవారం ఉదయం తొమ్మిదికి నా బల్ల మీద పెట్టాలి. అప్పుడు, దొరికిన కొత్త ఆధారంతో అధ్యాయాలు తిరగరాస్తానని ఈ అమ్మాయే వాళ్ళ ముందు చెప్పుకోవచ్చు, ఒప్పుకుంటారు. ఆ లెక్క లేకుండా వెళ్తే మాత్రం థీసిస్ పోతుంది. ఆరేళ్ళూ పోతాయి." తర్వాత ఆమెవైపు తిరిగారు. "మీ సంపుటాలన్నీ తీయించి చూడాల్సొస్తుంది."

"చూడండి బాబూ. అన్నీ చూడండి," అంది కత్తెరమ్మ.

ఆ రోజంతా సంపుటంలో ఆ నలభై మూడు పేజీలకీ గుర్తు చీటీలు పెట్టడంతో సరిపోయింది. అమ్మాయి ఒక్క మాట మాట్లాడకుండా చీటీలు చింపి అందించింది.

గురువారం పొద్దున్నే బైండింగు గదిలో కరెంటు పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. సూదాయన చిన్న కత్తెరతో ఎర్ర వీపు కుట్లు ఒక్కొక్కటే తెంపాడు.

"నా కుట్టు నేనే విప్పుకోవడం ఇదే మొదలు. గట్టిగానే వేశానే!" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. "సరే, మీరు నవ్వకపోతే నీళ్ళే మరుగుతాయి," అని తన పని తను చూసుకున్నాడు.

పని మెల్లగా సాగే రకం. పేజీని ఆవిరి మీద పట్టుకోవాలి. జిగురు ఉబ్బేదాకా ఆగాలి. తొందరపడితే కాగితం ముద్దయిపోతుంది, ఆలస్యమైతే అక్షరాలు జిగురుకి అంటుకుని వెళ్ళిపోతాయి. అదను చూసి చాకు దూర్చి, వెంట్రుకవాసి చొప్పున లేపుకుంటూ రావాలి. ఆ అదను కత్తెరమ్మ వేళ్ళకే తెలుసు. అమ్మాయి గడియారం చూసుకుంటూ పక్కనే నిలబడింది. అవసరమైతే సూదాయనతోనే మాట్లాడుతోంది. "ఆ దీపం ఇటు తిప్పండి పెదనాన్నా." "పెదనాన్నా, ఇంకో తడిగుడ్డ కావాలట."

మూడో ముక్క దగ్గర చాకు జారింది. ముక్క అంచు గోరంత చిరిగింది. ముగ్గురికీ ఊపిరాగింది. కత్తెరమ్మ కళ్ళు మూసుకుంది. తెరిచి చూస్తే చిరుగు తెల్లటి అంచులోనే ఆగింది, అక్షరం దాకా పోలేదు.

"దేవుడున్నాడు," అంది ఊపిరి వదులుతూ.

పదో ముక్క దగ్గర ఆవిరి ఎగదన్ని ఆమె వేళ్ళు కాలాయి. చెయ్యి వెనక్కి లాక్కోలేదు, లాక్కుంటే ముక్క చిరుగుతుంది. అది చూసింది అమ్మాయి. తన జేబురుమాలు తడిపి తెచ్చి ఆమె వేళ్ళకి చుట్టింది.

"నెమ్మదిగా చేయండి," అంది కాసేపాగి. పొద్దున్నుంచి ఆమెతో నేరుగా అన్న మొదటి మాట అదే.

పన్నెండున్నరకి నలభై మూడూ ఊడొచ్చాయి. పొడవాటి బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, వాటిని వరసగా ఆరబెట్టింది కత్తెరమ్మ. జలుబు, బూట్లు, సగం ప్రకటన పైకి ఉన్నాయి. రెండో ముఖం గుడ్డకి ఆనుకుని ఉంది. ఊడదీసింది గానీ ఒక్కటీ తిప్పలేదు.

అమ్మాయి నోటుపుస్తకం తెరిచి, గడులు గీసుకుని, పెన్సిలు చెవి వెనకనుంచి తీసింది. "ఒక్కోటి చదివి, ఎవరు రాశారు, ఏ మాటలు వాడారు, ఎన్ని లైన్లు అన్నీ ఎక్కించాలి. సాయంత్రానికి సగమన్నా అయితే రేపు తొమ్మిదికి అందుకుంటాను," అని మొదటి ముక్క మీదికి వంగింది.

కత్తెరమ్మ గుడ్డ చుట్టిన అరచెయ్యి ఆ ముక్క మీద ఆనించింది. రోజూ సంపుటం మీద ఆనించినట్టే.

"ఒక్క మాట తల్లీ."

"మాటలకి టైం లేదు పెద్దమ్మా."

"తెలుసు. నీకున్నది ఈ ఒక్క పూటేనని తెలుసు. అందుకే అడగడానికి సిగ్గుగా ఉంది." ఆమె చెయ్యి తీయలేదు. "ఆవిడ కూతురు ఆసుపత్రిలో ఉంటుంది. బస్సులో ముప్పావుగంట. వాళ్ళమ్మ పాట మానేసింది తన వల్లేనని ఇన్నేళ్ళూ అనుకుంటోంది ఆ పిల్ల. నా ముఖాన్నే అడిగింది, నేను లేదన్నాను."

అమ్మాయి పెన్సిలు పట్టుకునే ఉంది. "ఇవి చదివితే ఇంకా బాధపడదా? చదవనంటే?"

"అంటే అననీ. ఆ మాట ఆ పిల్ల అనాలి. ఇన్నాళ్ళూ తన తరఫున నేను అనేశాను."

పొయ్యి మీద నీళ్ళు ఇంకా బుడబుడలాడుతున్నాయి. సూదాయన వెళ్ళి పొయ్యి కట్టేశాడు.

"నువ్వు ఎంత గట్టిగా రాయాలనుకుంటే అంత గట్టిగా రాయి," అంది కత్తెరమ్మ. "రాసినవాళ్ళ పేర్లు రాయి, నా పేరు కూడా రాయి. నీ లెక్కకి నేనడ్డం రాను. కానీ నీ గడుల్లోకి ఎక్కకముందు, పరీక్షకులు చూడకముందు, వాళ్ళమ్మని ఏమన్నారో ముందు ఆ పిల్ల చూడనీ. ఫోన్ నువ్వే చెయ్యి, నేను చేస్తే నాకు ఏడుపొస్తుంది. వచ్చేదాకా వీటిని ఇలాగే ఉంచు. ఈ రెండు గంటలు నాకియ్యి తల్లీ."